పేరు ఒకరిది, మకాం ఇంకొకరిది

(బోధన్‌లో కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవ్వాళ మనం మాట్లాడుకునేది భూమి సంగతి కాదు, కూలి రేట్ల సంగతి కాదు. కిరాయి అర్రల సంగతి. ఇదేం ఉద్యమ విషయమని కొందరికి అనిపించవచ్చు. "మనకే ఉండనీకె ఇల్లు లేదు, ఇగ కిరాయికిచ్చే ముచ్చటేంది సారూ" అని వెనక నుంచి ఒకాయన అంటున్నడు. ఆ మాటలో నిజముంది. కానీ గత పదిహేను, ఇరవై ఏండ్లల్ల ఏం జరిగిందో కూడా చూడాలె. మనోళ్లల్ల చదువుకుని చిన్నదో పెద్దదో నౌకరి తెచ్చుకున్నోళ్లు, గల్ఫ్ పోయి పదేండ్లు ఎండల పనిచేసి వచ్చినోళ్లు, షక్కర్ ఫ్యాక్టరీల జీతం ఉన్నప్పుడు జాగ కొనుక్కున్నోళ్లు నిజామాబాద్‌ల, బోధన్‌ల రెండర్రల ఇల్లు కట్టుకున్నరు. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటు చేతిల పెట్టిన్రు, 2015 డిసెంబరుల తాళం పడ్డది. శక్కర్‌నగర్‌ను నమ్ముకున్న కుటుంబాలకు జీతం బంద్ అయింది, ఇల్లు మిగిలింది. ఆ ఇంట్ల ఒక అర్ర ఖాళీ చేసి రోజు కిరాయికిచ్చి నెల గడుపుకునేటోళ్లు ఇయ్యాల మన మధ్యనే కూర్చున్నరు.

ఆ అర్రకు ఎవరొస్తరు? నిజామాబాద్ సర్కారు దవాఖానకు రోగితోని వచ్చినోళ్లు వస్తరు. పరీక్ష రాయడానికి ఊర్ల నుంచి పిల్లలు వస్తరు. డిచ్‌పల్లి దగ్గర తెలంగాణ యూనివర్సిటీల అడ్మిషన్ పనికి వస్తరు. ఆర్మూరు దిక్కు నుంచి పసుపు తెచ్చి మార్కెట్ యార్డుల రెండు దినాలు ఆగే రైతులు వస్తరు. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించ బాసర పోయేటోళ్లు వస్తరు. 2027ల గోదావరి పుష్కరాలున్నయి. రెంజల్ మండలం కందకుర్తిల గోదావరి, మంజీర, హరిద్ర కలిసే చోట జనం ఎంత దిగుతరో 2015 జూలైల మనం చూసినం. అప్పటికి బోధన్ చుట్టుపక్కల ఖాళీ అర్ర అనేది దొరకదు. ఇప్పటి నుంచే దళారులు తిరుగుతున్నరు. అందుకే ఈ ముచ్చట ఇప్పుడే మాట్లాడుకోవాలె.

ముచ్చట ఏందంటే, ఈ అర్రల కిరాయిల "మూడో మనిషి" వస్తున్నడు. ఫోను చేసేది ఒకరు, పైసలు పంపేది ఒకరు, వచ్చి పండుకునేది ఇంకొకరు. ఇంటి దిక్కు కూడా అంతే. ఇల్లు ఒకరిది, బయట చెప్పే పేరు ఇంకొకరిది. ఈ రెండు రకాల మూడో మనిషితోని ఎట్ల వ్యవహరించాలె అన్నదే ఇయ్యాల్టి విషయం.

మిత్రులారా, పేరు ఒకరిది, అనుభవం ఒకరిది అనేది మన ఊర్లకు కొత్త కాదు. సర్కారు మనకు అసైన్డు భూమి ఇచ్చింది. పట్టా మన పేరు మీద, దున్నేది పటేలు. దీన్ని ఆపడానికే 1977ల అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టం రావలసి వచ్చింది. ఎస్సీ రిజర్వుడు సర్పంచ్ సీటు వచ్చింది. సంతకం మనది, కుర్చీల కూర్చునేది ఇంకొకడు. చెరకు కోతకు పోతే బయానా మేస్త్రీ పేరున, కత్తి మన చేతిల. పేరూ మనిషీ వేరైన ప్రతి చోటా నష్టం ఎవరికి వచ్చిందో లెక్క తీయండి. పేరు మనదైతే కేసు మనకు, లాభం వాడికి. పేరు వాడిదైతే లాభమూ వాడికే. అర్ర కిరాయి దగ్గర కూడా ఈ లెక్క మారదు.

ముందు మనం కిరాయికి పోయిన దిక్కు నుంచి చూద్దాం. దీనికి బాబాసాహెబ్ బతుకులోనే ఒక పాఠం ఉన్నది. కొలంబియాల, లండన్‌ల చదువుకుని 1917ల ఆయన బరోడా సంస్థానంల కొలువుకు పోయిండు. దిగడానికి చోటు దొరకలేదు. ఒక పార్సీ సత్రానికి పోయిండు. అది పార్సీలకు మాత్రమే. సత్రం చూసేవానికి చాలా దినాల నుంచి బేరం లేదు. రోజుకు రూపాయిన్నర, తిండితో సహా అని మాట్లాడుకున్నరు. షరతు ఒక్కటే: రిజిస్టరుల పార్సీ పేరు రాయాలె. అంత చదివిన మనిషి తన పేరు తాను రాసుకోలేక వేరే పేరు కింద ఆ చీకటి మేడ మీద పండుకున్నడు. పదకొండో దినం పొద్దున కట్టెలు పట్టుకుని పన్నెండు మంది దాకా పార్సీలు మెట్లెక్కిండ్రు. సాయంత్రానికల్ల ఖాళీ చేయమన్నరు. ఒక హిందూ మిత్రుణ్ణి అడిగితే నువ్వొస్తే మా ఇంటి నౌకర్లు పోతరన్నడు. ఒక క్రైస్తవ మిత్రుణ్ణి అడిగితే భార్య రానీ, అడిగి చెప్తనన్నడు. బాబాసాహెబ్ ఐదు గంటలు కామాఠీ బాగ్ తోటల కూర్చుని, రాత్రి బొంబాయి రైలెక్కిండు. ఈ సంగతి ఆయన తన చేతితోనే రాసిపెట్టిండు.

దీంట్ల మనం మూడు విషయాలు చూడాలె. ఒకటి, వేరే పేరు పదకొండు దినాలే కాపాడింది, కట్టెలు వచ్చిన దినం ఆ పేరు దేనికీ పనికి రాలేదు. రెండు, పేరు దాచుకున్నది ఆయన తప్పు కాదు. పేరు చెప్తే చోటియ్యని వ్యవస్థది ఆ తప్పు. మూడు, ఆ సత్రపాయనకు రూపాయిన్నర ముద్దు. కిరాయి తీసుకున్నడు గానీ మనిషికి జవాబుదారీ తీసుకోలేదు. ఇయ్యాల మనం ఆ సత్రపాయన కుర్చీల కూర్చున్నం. మనం ఎట్లుండాలె? ఇది మనల్ని మనం అడుక్కోవాల్సిన ప్రశ్న.

నూరేండ్లు దాటింది. ఇయ్యాల కూడా మన టీచర్లు, నర్సమ్మలు, బ్యాంకుల పనిచేసే మన పిల్లలు పట్నంల ఇల్లు వెతికితే మొదటి ప్రశ్న కిరాయి గురించి కాదు. "మీరేమోళ్లు?" అంటరు. నేరుగా అడగలేనోళ్లు "ఇంటి పేరేంది, నీసు తింటరా, ఊర్ల మీ ఇల్లు ఏ దిక్కు" అంటరు. అందుకే మనోళ్లు దోస్తును ముందర పెడుతున్నరు. దోస్తు పేరున మాట్లాడుకుని, దోస్తు చేత అడ్వాన్సు ఇప్పించి, సామాను రాత్రి దించుకుంటున్నరు. ఇది కూడా మూడో మనిషి కిరాయే. మనోళ్లను తప్పు పట్టకండి. కానీ ఒక్క విషయం తెలుసుకోండి. మన దగ్గర కిరాయి ఇండ్లకు 1960 నాటి చట్టం ఒకటుంది. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోకుండ కిరాయిదారుడు ఇంకొకరికి ఇల్లు అప్పజెప్తే, ఆ ఒక్క కారణం మీద ఖాళీ చేయించమని యజమాని అడగవచ్చు. అంటే దోస్తు పేరు మీద దిగితే, కులం పేరు ఎత్తకుండానే మనల్ని వెళ్లగొట్టడానికి వాని చేతికి చట్టం ఇచ్చినట్టే. దిగిన వారంలోనే కాగితం మన పేరుకు మార్పించుకోవాలె. కనీసం కిరాయి రసీదుల మన పేరు రాయించుకోవాలె.

చట్టంల మన దిక్కు కూడా ఉన్నది, అది ఎవరూ మనకు చదివి చెప్పరు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం దుకాణాలు, హోటళ్లల్ల కులం పేరున అడ్డు పెట్టొద్దని చెప్తున్నది. అది సర్కారుకే కాదు, మామూలు మనిషికి కూడా వర్తిస్తది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టంల హోటల్ అంటే లాడ్జి, బోర్డింగు కూడా అని రాసి ఉన్నది. అదే చట్టం నాలుగో సెక్షన్‌ల ఇంకొక మాట ఉన్నది. అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాసపు ఇల్లు కట్టుకోకుండ, సంపాదించుకోకుండ, అందుల ఉండకుండ అడ్డుకోవడం నేరం. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, వంద నుంచి ఐదు వందల దాకా జుర్మానా. బాధితుడు ఎస్సీ అయితే అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందుగ అనుకోవాలె, కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలోడు. ఇది పన్నెండో సెక్షన్. జుర్మానా చిన్నదే, కేసు నిలబెట్టుడు కష్టమే. కానీ అడిగిన ప్రశ్న, చెప్పిన జవాబు, తారీఖు, సాక్షి రాసిపెట్టుకుంటే ఆ కష్టం సగం తగ్గుతది. 1970లల్ల ఇదే నిజామాబాద్‌ల వకీలుగ ఉండి అంబేద్కర్ యువజన సంఘాన్ని నడిపిన బొజ్జా తారకం గారు మన ఊర్లకు నేర్పింది ఇదే: చట్టం పుస్తకం వకీలు అలమారల కాదు, కూలోని చేతిల ఉండాలె.

ఇగ మన సొంత అర్ర దిక్కు వద్దాం.

ఒక ఫోను వస్తది. "మా బావమరిది వస్తుండు, దవాఖానల పనున్నది, నాలుగు దినాలు అర్ర కావాలె. పైసలు నేనే పంపుత." ఇది చెడ్డ మాట కాదు. రోగికి ఫోను చేసే ఓపిక ఉండదు. ఊర్ల ముసలవ్వకు ఫోనుల పైసలు పంపుడు రాదు. ఎవరో ఒకరు చేయాల్సిందే. కాబట్టి మూడో మనిషి వద్దని తలుపు మూసుకుంటే మొదట నష్టపోయేది మనలాంటి పేదోడే. మరి ఎవరొచ్చినా సరేనని తాళంచెవి ఇచ్చేద్దామా? అదీ కుదరదు. దిగినోడు ఏదన్న చేసి పోతే పోలీసు తట్టేది ఫోను చేసినోని తలుపు కాదు, మన తలుపు. పెద్ద కులపాయన లాడ్జిల గొడవైతే ఆయన్ను కుర్చీ వేసి మాట్లాడుతరు. మన ఇంట్ల గొడవైతే జీపుల ఎక్కిస్తరు. ఈ తేడా తెలిసి మనం జాగ్రత్త పడాలె.

బడిల హాజరు పట్టీ ఉంటది. పేరు పిలిచినప్పుడు పక్కోడు "హాజర్" అంటే ఒప్పుకోం. పేరు, మొఖం ఒక్కటి కావాలె. అర్రకు కూడా అదే పద్ధతి. మన సంఘంల కూర్చుని మాట్లాడుకుని తయారు చేసుకున్న పద్ధతి చెప్తున్నం, రాసుకోండి.

మొదటిది. ఒక నోటుబుక్కు పెట్టండి. ప్రతి బుకింగుకు రెండు పేర్లు రాయండి: మాట్లాడిన మనిషి పేరు, ఫోను నంబరు, దిగే మనిషితోని ఆయన సంబంధం. దిగే మనిషి పేరు, ఊరు, ఫోను నంబరు. ఎంత మంది దిగుతరు, పిల్లలెందరు, ఏ దినం వచ్చి ఏ దినం పోతరు. మాట్లాడినోళ్లు "పేరెందుకు, నేనున్న కదా" అంటే, "నువ్వు మా ఇంట్ల పండుకుంటలేవు కదా అన్నా, పండుకునేటోళ్ల పేరు కావాలె" అని మర్యాదగా చెప్పండి. పేరు చెప్పకపోతే అర్ర లేదని చెప్పండి.

రెండోది. దిగే మనిషితోని ఒక్కసారి ఫోనుల మీరే నేరుగ మాట్లాడండి. రెండు నిమిషాలు చాలు. చాలా తకరార్లు ఇక్కడ్నే తేలిపోతయి. మూడో మనిషి "ఏసీ ఉన్నది, వంట చేసుకోవచ్చు" అని వాళ్లకు లేనివన్నీ చెప్పి ఉంటడు. వాళ్లు వచ్చినంక మనతోని కొట్లాడుతరు. ఉన్నదేందో, లేనిదేందో దిగేటోళ్లకే మీ నోటితోని చెప్పండి.

మూడోది. వచ్చిన దినం గుర్తింపు కార్డు చూడండి. ఓటరు కార్డు, డ్రైవింగు లైసెన్సు, ఆధార్, ఏదైనా ఒకటి. మొఖం, పేరు కలిసినయా చూసి, కార్డు వాళ్లకు తిరిగి ఇచ్చేయండి. దగ్గర పెట్టుకోకండి. ఆధార్ నంబరు మొత్తం రాసుకోవలసిన పని లేదు, చివరి నాలుగు అంకెలు చాలు. నిండు నంబరు కనపడని ఆధార్ కూడా డౌన్‌లోడ్ చేసుకోవచ్చని చెప్పండి. పేరు తెలుసుకోవడం మన హక్కు, కానీ కార్డు చేతికొచ్చింది కదా అని ఇంటి పేరు చూసి కులం కూడుడు మనం చేయొద్దు.

నాలుగోది, పైసలు. ఎవరి ఖాతా నుంచి వచ్చినయో ఆ ఖాతాకే తిరిగి పంపాలె. "పైసలు ఎక్కువ వచ్చినయి, మిగిలినయి ఈ వేరే నంబరుకు కొట్టు" అంటే కొట్టకండి, అది మోసం. ఇంకొక మోసం ఉన్నది. "నేను మిలిటరీల పనిచేస్త, నాలుగు అర్రలు కావాలె, బయానా పంపుత, ఈ బొమ్మను స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటడు. పైసలు రావడానికి పిన్ కొట్టే పని లేదు. పిన్ కొడితే మన ఖాతా నుంచి పోతయి. ఈ ఒక్క మాట గోడ మీద రాసిపెట్టండి.

ఐదోది. కంట్రాక్టరు ఫోను చేసి నలుగురు కూలీలకు అర్ర అని చెప్పి, పన్నెండు మందిని దించుతడు. కిరాయి ఆయన చేతిల, చెమట వాళ్లది. నలుగురంటే నలుగురే అని ముందే చెప్పండి. ఎక్కువ మంది వస్తే ఆ కూలీల మీద అరవకండి, కంట్రాక్టరుకు ఫోను చేయండి. వాళ్లు మనలాంటోళ్లే. వాళ్ల జీతం నుంచి అర్ర కిరాయి ఎంత కోస్తున్నడో కూడా అడిగి తెలుసుకోండి. సంఘం పని అక్కడ మొదలైతది.

ఆరోది. సెల్‌ఫోను యాప్‌లల్ల ఇల్లు పెట్టినోళ్లు ఒక్కసారి వాళ్ల నియమాలు చదివించుకోండి. ఎయిర్‌బిఎన్‌బి లాంటి కంపెనీ మామూలుగ ఉండేటోడే బుక్ చేయాలె అంటది. సొంత పనికి వేరేవాళ్ల పేరున చేసుకున్న బుకింగుకు ఏమన్న నష్టమొస్తే కంపెనీ మన దిక్కు నిలబడకపోవచ్చు. అట్లాంటప్పుడు దిగేటోళ్లను వాళ్ల పేరునే బుక్ చేసుకోమని చెప్పండి. చేతకాకపోతే పక్కన కూర్చుని చేయించండి.

మిత్రులారా, పేరు రాసుకోవడం వేరు, పేరు చాటడం వేరు. ఈ తేడా మరిచిపోతే మన నోటుబుక్కే ప్రాణం తీసే ఆయుధమైతది. ఎట్లనో చెప్తం. ఒక దోస్తు ఫోను చేస్తడు: "ఇద్దరొస్తున్నరు, రెండు దినాలు అర్ర కావాలె, ఎవరికీ చెప్పకండి." కులం దాటి పెండ్లి చేసుకున్న పిల్లలు. 2018 సెప్టెంబరుల మిర్యాలగూడల ప్రణయ్‌ను ఆయన భార్య ముందరే నరికి చంపిన సంగతి ఈ సభల తెలియనోళ్లు లేరు. ఇట్లాంటి పిల్లలకు తలుపు మూసేటోళ్లమైతే మనం జై భీమ్ అనడానికి లేదు. కానీ ఇక్కడ కూడా పేర్లు, వయసు రాసుకోవాలె. ఇద్దరికీ ఈడు వచ్చిందా లేదా కార్డు చూడాలె. పద్దెనిమిది నిండని పిల్ల ఉంటే దాచిపెట్టుడు కాదు, 1098కి ఫోను చేయాలె. ఈడొచ్చిన ఇద్దరు ఒక అర్రల ఉండుడు నేరమని ఏ చట్టంల లేదు. అదే 2018 మార్చిల సుప్రీంకోర్టు శక్తివాహిని కేసుల చెప్పింది: ఇట్లాంటి జంటలకు పోలీసులు రక్షణ ఇయ్యాలె, సురక్షితమైన ఇండ్లు చూపాలె. కాబట్టి వాళ్ల తరఫున దరఖాస్తు రాసి, పెద్ద అధికారికి ఇప్పించే బాధ్యత సంఘం తీసుకోవాలె. ఎవరైనా ఫోను చేసి "మా చెల్లె మీ ఇంట్ల దిగిందా" అంటే, మీ జవాబు ఒక్కటే: "మా ఇంట్ల ఎవరున్నరో మేం ఫోనుల చెప్పం." ఇది అందరికీ చెప్పే జవాబు కావాలె. రోగి గురించి అడిగినా ఇదే, పసుపు రైతు గురించి అడిగినా ఇదే. అందరికీ ఒక్కటే జవాబైతే, దాచిన మనిషి ఏ ఇంట్ల ఉన్నడో ఎవనికీ తెల్వదు. పోలీసు రాతల అడిగితే నోటుబుక్కు చూపాలె, చూపిన వెంటనే సంఘానికి, వకీలుకు చెప్పాలె.

ఇప్పుడు రెండో రకం మూడో మనిషి. ఇది ఇంకా గట్టి విషయం.

పుష్కరాల పేరు చెప్పి దళారి వస్తడు. మన వాడకు వచ్చి తియ్యగ మాట్లాడుతడు. "అన్నా, యాత్రికులు వస్తరు. వాళ్లకు కొన్ని పట్టింపులుంటయి. నీ పేరు ఎందుకు బయట పెట్టుడు? పటేలు పేరు మీద బోర్డు పెడదం. నువ్వు ఆ పది దినాలు మీ అత్తగారింటికి పో. గోడ మీది అంబేద్కర్ ఫొటో కొంచెం లోపల పెట్టు. నీకేం కావాలె, పైసలే కదా." వింటానికి బాగుంటది. పిల్ల ఫీజు కట్టాల్సిన తండ్రికి ఇంకా బాగుంటది.

మనం దీన్ని ఎట్ల చూడాలె? కొందరు అంటరు: "కులం మీద పట్టింపు ఉన్నోని పైసలు కులం దాచి తీసుకుంటే తప్పేంది? వాన్ని మోసం చేసినట్టే కదా, మంచిదే." ఈ వాదన తేలిగ్గ తీసేసేది కాదు. ఆకలి ముందర నీతి చెప్పుడు మా ఉద్దేశం కాదు. కానీ లెక్క తీయండి. బోర్డు పటేలుదైతే యాత్రికుడు ఇచ్చే కిరాయి ఎంతో మనకు తెల్వదు. దళారి చెప్పిందే మనకు లెక్క. వంట చేసింది, కడిగింది, నీళ్లు మోసింది మన ఆడోళ్లు. పేరు, మంచి మాట, వచ్చే ఏడు మళ్లా వచ్చే గిరాకీ పటేలుకు. గొడవైతే మాత్రం కరెంటు బిల్లు మీద పేరు మనది, ఇంటి పన్ను మీద పేరు మనది. ఎవరన్న యాత్రికునికి మధ్యల సంగతి తెలిస్తే పటేలు "నాకేం తెల్వదు, వాడే నా పేరు వాడుకున్నడు" అంటడు. అప్పుడు కట్టెలు ఎవరి మెట్లెక్కుతయి? బరోడాల బాబాసాహెబ్ పరాయి ఇంట్ల పరాయి పేరు కింద ఉన్నడు. మనం సొంత ఇంట్లనే పరాయి పేరు కింద ఉండమంటున్నరు. అప్పు చేసి, రక్తం ధారపోసి కట్టిన ఇల్లు అది. దాని మీద మన పేరు లేకపోతే అది మళ్లా వెట్టి ఇల్లే.

ఇంకొక సంగతి. మన ఈ నిజామాబాద్ జిల్లాల గ్రామాభివృద్ధి కమిటీల పేరున ఊరి పెద్దలు మనోళ్లను బహిష్కరించిన సంఘటనలు ఎన్నో చూసినం. దుకాణంల సామాను ఇయ్యొద్దు, ఆటోల ఎక్కించుకోవద్దు, మాట్లాడినోనికి జుర్మానా. రేపు పుష్కరాలప్పుడు "వాళ్ల ఇండ్లల్ల దిగొద్దు" అని చాటింపు వేస్తే ఏం చేస్తరు? 2015ల సవరించిన అత్యాచారాల నిరోధక చట్టంల సామాజిక బహిష్కారం, ఆర్థిక బహిష్కారం చేసుడు, చేస్తమని బెదిరించుడు కూడా నేరం. ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాకా శిక్ష. కానీ మన పేరున వ్యాపారం నడిస్తేనే ఆ వ్యాపారాన్ని బహిష్కరించిన్రని మనం కేసు పెట్టగలుగుతం. పటేలు పేరున నడిస్తే మనకు నష్టం జరిగిందని ఏ కాగితం చూపుతం? పేరు దాచుకున్నోనికి చట్టం కూడా దొరకదు.

అయితే మరి గిరాకీ ఎట్ల? దీనికి జవాబు ఒక్కొక్కరం వెతికితే దొరకదు, కలిసి వెతకాలె. బోధన్‌ల, నిజామాబాద్‌ల, రెంజల్, ఎడపల్లి దిక్కు ఊర్లల్ల అర్రలున్న మనోళ్లందరి పట్టిక ఒకటి చేద్దాం. యజమాని సొంత పేరు, ఫోను, కిరాయి, ఎంత మందికి సరిపోతది, బాత్రూము లోపలనా బయటనా, అన్నీ ఉన్నదున్నట్టు రాద్దాం. బీసీ, ముస్లిం, గిరిజన మిత్రుల అర్రలు కూడా ఆ పట్టికల చేర్చుదాం. యూనివర్సిటీ పిల్లల సంఘాలకు, దవాఖాన దగ్గర పనిచేసే మనోళ్లకు, ఆటో యూనియన్లకు ఇద్దాం. పరీక్ష రాయడానికి వచ్చే మన పిల్లలు, కులం అడగని చోటు కోసం వెతికే టీచర్లు, నర్సమ్మలు, కులం పట్టింపు లేని మంచి మనుషులు ఈ దేశంల తక్కువేం లేరు. ముందే మన పేరు తెలిసి వచ్చినోడు మధ్యల లేచి పోడు. పేరు దాచి పిలిచినోడే తెలిసిన దినం పోతడు.

వచ్చినంక గోడ మీద ఫొటో చూసి "మాకు వద్దు" అనేటోడు కూడా ఉంటడు. వానితోని కొట్లాడకండి. ముందే షరతు చెప్పి ఉండాలె: రెండు దినాల ముందు వద్దంటే బయానా మొత్తం తిరిగిస్తం, వచ్చి చూసినంక వద్దంటే ఒక దినం కిరాయి పోతది. ఇది బుక్ చేసేటప్పుడే మూడో మనిషికీ, దిగే మనిషికీ ఇద్దరికీ మెసేజు పెట్టండి. కారణం ఏదైనా షరతు ఒక్కటే. ఆయన నోటితోని కులం మాట అంటే మాత్రం, తారీఖు, టైము, విన్నవాళ్ల పేర్లు నోటుబుక్కుల రాయండి. ఫొటో మాత్రం గోడ మీదనే ఉంటది.

చివరగ మనల్ని మనం చూసుకోవాల్సిన మాట ఒకటున్నది. పటేలు మనల్ని అడిగిన "మీరేమోళ్లు" అన్న ప్రశ్న మన నోట్లెకు రావొద్దు. మాల ఇంట్ల మాదిగలకు అర్ర లేదన్న మాట, మాదిగ ఇంట్ల మాలలకు లేదన్న మాట, మన రెండు ఇండ్లల్ల డక్కలోళ్లకు లేదన్న మాట, తురకోళ్లకు ఇయ్యమన్న మాట ఎక్కడన్న వినిపిస్తే, ఆ ఇల్లు మన పట్టికల ఉండదు. రాజ్యాంగం 15వ అధికరణం మనకోసమే రాసింది కాదు, మన చేతిల తాళంచెవి ఉన్నప్పుడు మనకు కూడా వర్తించేటట్టు రాసింది. ఒంటరి ఆడమనిషి రాత్రి దవాఖాన నుంచి వస్తే "ఒక్కదానివే ఎందుకొచ్చినవ్" అని అడిగే ఇల్లు కూడా మనది కావొద్దు. పేరు, ఊరు, ఎన్ని దినాలు, ఎంత మంది. ఈ నాలుగే మన ప్రశ్నలు. ఐదో ప్రశ్న లేదు.

పని ఇట్ల పంచుకుందాం. వచ్చే పక్షం లోపల ప్రతి మండలం కార్యకర్త తన ఊర్ల అర్రలున్న ఇండ్లకు పోయి పేర్లు రాసుకు రావాలె. చదువు రాని ఇంటోళ్లకు నోటుబుక్కు గీతలు కొట్టి, మొదటి పేజీ నింపి చూపించాలె. వాళ్ల బడికి పోయే పిల్లలను పక్కన కూర్చోబెట్టి నేర్పాలె, ఎందుకంటే రేపు ఆ పుస్తకం రాసేది వాళ్లే. దళారితోని ఇప్పటికే బయానా తీసుకున్నోళ్లుంటే భయపడొద్దు, కాగితం పట్టుకుని సంఘానికి రండి, కూర్చుని మాట్లాడి మన పేరు మీదికి మార్పించుదాం. కిరాయికి ఇల్లు దొరకక తిరుగుతున్న మన ఉద్యోగులు కూడా తమకు ఎదురైన ప్రశ్నలను తారీఖుతో సహా రాసి ఇవ్వాలె. ఆ రెండు పట్టికలు పక్కపక్కన పెడితే, ఇల్లు దొరకనోళ్లకు మన ఇండ్లే దొరుకుతయి. మిగిలిన కేసులను చట్టం దాకా తీసుకుపోదాం.

మన ముత్తాతలకు ఊర్ల పేరు లేదు, "ఒరేయ్" అన్నదే పేరు. మన తాతలకు పేరుండె, కాగితం లేకుండె. మనకు కాగితమున్నది, ఇల్లున్నది. ఆ ఇంటి తలుపు మీద మన పేరు మన చేతితోని రాసుకుందాం, లోపలికి వచ్చేటోళ్ల పేరు మర్యాదగా అడిగి రాసుకుందాం.

జై భీమ్.